అమ్మాయిని తీసుకురావడానికి అజీజియా దాకా

సౌదీ నుంచి వచ్చిన దగ్గర్నుంచీ మా వీధిలో అందరూ రెండే ప్రశ్నలు అడుగుతున్నారు. ఒంటెలు చూశావా, బంగారం తెచ్చావా అని. ఒంటెను చూశాను. లారీ వెనక కూర్చుని, మెడ ఎత్తుకుని, నాకంటే దర్జాగా ప్రయాణం చేస్తోంది. బంగారం తేలేదు. నేను వెళ్ళిన పని వేరు.

మా వాణి పెళ్ళయి ఏడాది తిరక్కుండానే జిద్దా వెళ్ళింది. అల్లుడు మురళి అక్కడ ఒక నిర్మాణ కంపెనీలో ఇంజినీరు. మనవరాలు నిత్య అక్కడే పుట్టింది, ఇప్పుడు రెండో తరగతి. చల్లగా ఉన్నారు అనుకుంటుండగా ఆ దేశంలో రెండు కొత్త సంగతులు వచ్చాయి. మొదటిది నితాఖత్. ఏ కంపెనీ ఎంతమంది సౌదీవాళ్ళకి ఉద్యోగాలిచ్చిందో చూసి ప్రభుత్వం దానికో రంగు వేస్తుంది. ఆకుపచ్చ అయితే బతికిపోయినట్టే. ఎరుపయితే అందులో పనిచేసే పరాయి దేశం వాళ్ళకి ఇకామా, అంటే అక్కడ ఉండడానికిచ్చే కార్డు, మళ్ళీ పొడిగించరు. రెండోది లెవీ. పరాయివాళ్ళు భార్యాపిల్లల్ని దగ్గర పెట్టుకుంటే తలకింత అని కట్టాలి. అది ఏటేటా పెరుగుతుంది కూడా. మా ఆయన దానికి కాపురాల టోల్‌గేటు అని పేరు పెట్టారు.

మురళి కంపెనీకి ఎరుపు పడింది. దక్షిణాన జిజాన్ అనే ఊళ్ళో ఒక ఆకుపచ్చ కంపెనీ అతన్ని రమ్మంది. మరి వాణీ నిత్యా అతనితో జిజాన్ వెళ్ళాలా, మా తెనాలి వచ్చేయాలా? ఫోనులో ఎన్నిసార్లు అడిగినా వాణి "చూద్దాంలే అమ్మా" అనేది. మా వంశంలో చూద్దాం అంటే వద్దు అని అర్థం, కాస్త మర్యాదగా చెప్పడమన్నమాట. ఇలా కాదని విజిట్ వీసా తెప్పించుకుని, మా ఆయన్ని మా మరిదిగారింటి భోజనానికి అప్పగించి, నేనే బయల్దేరాను. పిల్లనీ పిల్ల పిల్లనీ వెంటబెట్టుకునే రావాలని గట్టిగా అనుకున్నాను.

జిద్దా, అజీజియా

విమానాశ్రయంలో వాణి నాకు అబాయా తొడిగింది. నేతచీర మీద నల్లటి పొడుగు అంగీ వేసుకుంటే ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. అద్దంలో చూసుకుంటే కొత్తగా లాయరు పరీక్ష పాసయిన ముసలమ్మలా ఉన్నాను. నిత్య పడీపడీ నవ్వింది.

వాళ్ళుండే పేట అజీజియా. ఇండియన్ స్కూలు దగ్గరే, అందుకని మనవాళ్ళు అక్కడ చేరారు. నాలుగంతస్తుల మేడ. వాణి చెప్పేది, ఒకప్పుడు ఏ గుమ్మం ముందు చూసినా తెలుగువాళ్ళ చెప్పులే ఉండేవని. నేను మెట్లెక్కుతూ చూశాను. సగం తలుపుల మీద దుమ్ము. ఒక తలుపుకి ఎండిన మామిడాకుల తోరణం లోపలి వైపు కట్టి ఉంది. పైన పగిలిన గాజుపలకలోంచి కనిపించింది. పండగలూ పూజలూ అక్కడ ఇంట్లో, తలుపు వేసుకుని చేసుకోవాల్సినవి కాబట్టి తోరణమూ లోపలే.

మేము అన్నానికి కూర్చోబోతుండగా ఒకావిడ తలుపు తట్టకుండా వచ్చేసింది. నన్ను చూసి "అమ్మ ఒచ్చిందా!" అని పలకరించి, నేరుగా వంటింట్లోకి పోయి, ఫ్రిజ్ తెరిచి, పెరుగ్గిన్నె తెచ్చి బల్ల మీద పెట్టింది. ఇంకో చేతిలో వేడివేడి సర్వపిండి. పై అంతస్తులో ఉండే అనసూయ. జగిత్యాల వైపు మనిషి, ఇక్కడ ఆసుపత్రిలో నర్సు. ఆవిడ భర్త రాజేశం పైపుల పని మేస్త్రీ. నేను ఆవిడతో పెద్దగా మాట్లాడలేదు. మా అమ్మాయి ఫ్రిజ్‌ని ఇంకొకరు తెరవడం నాకు నచ్చలేదు. కొత్తిమీర ఎక్కడ దొరుకుతుందని అడిగినా, నిత్యకి దగ్గొస్తే ఏం పట్టాలని అడిగినా వాణి నోట "అనసూయక్కని అడుగుదాం" అన్న మాటే వస్తుంటే మరీ కడుపు మండింది. సర్వపిండి మాత్రం రెండు ముక్కలు తిన్నాను. కోపం మనిషి మీద గానీ పిండి మీద కాదు కదా.

షరఫియా, శుక్రవారం

శుక్రవారం సాయంత్రం రాజేశం మమ్మల్ని షరఫియా తీసుకెళ్ళాడు. మన సరుకుల దుకాణాలు, హోటళ్ళు, దర్జీలు, ఇళ్ళకి డబ్బు పంపే కౌంటర్లు అన్నీ అక్కడే. కరివేపాకు రెండు రియాళ్ళు. మా పెరట్లో చెట్టు గుర్తొచ్చి మనసు చివుక్కుమంది. ములక్కాడలు ఎండి చేతికర్రల్లా ఉన్నాయి, ధర మాత్రం లేతగా లేదు.

వీధి నిండా మగవాళ్ళే. గుంపులు గుంపులుగా నిలబడి మాట్లాడుకుంటున్నారు. తిరునాళ్ళలో దారి తప్పినట్టు నేను దిక్కులు చూస్తుంటే రాజేశం చెయ్యి చాపి చూపించాడు.

"గా డబ్బులు పంపే కౌంటర్ కాడ ఉన్నోళ్ళు మెట్‌పల్లోళ్ళమ్మా. గీ జూస్ దుకాణం కాడ మా జగిత్యాలోళ్ళు. సిరిసిల్లోళ్ళు గల్లీ లోపట ఉంటరు. ఎవల జాగ వాళ్ళదే. కొత్తోడు దిగిండంటే ఫస్టు శుక్రారం ఈడికే పంపుతం. వాని ఊరోళ్ళు వానికి ఈడ్నే దొరుకుతరు."

"ఇన్ని మండలాలు ఇక్కడికి ఎలా వచ్చాయయ్యా?" అన్నాను.

"ఒక్కొక్కలే ఒచ్చిన్రు. నేనొచ్చినప్పుడు తెలుగు మాట ఇనాలంటే శుక్రారం దాక ఆగాలె. ఈ జూస్ దుకాణం కాడ నిలవడి, ఎవలన్న 'ఏందిర' అంటరా అని చెవులు పెట్టి ఇంటుంటి. ఒకడు అన్నడు. వాడు కోరుట్లోడు. ఇద్దరమైనం. వాడు వాని తమ్మున్ని పిలిపిచ్చుకున్నడు, నేను మా బావమర్దిని. తర్వాత మీ ఆంధ్రా ఇంజనీర్లు ఒచ్చిన్రు, డాక్టర్లు ఒచ్చిన్రు. మా అనసూయ వీసా మీద నర్సుగ ఒచ్చినంకనే ఆడోళ్ళు, కుటుంబాలు మొదలైనయి. మేడ మొత్తం నిండిపాయె."

"ఇప్పుడు?"

"ఇప్పుడు కలిసినోడల్లా ఒక్కటే అడుగుతడు. ఫ్యామిలీ ఉందా, పంపినవా అని. సలామ్ కన్న ముందు గదే మాట."

అతను నవ్వుతూనే చెప్పాడు. ఊరంటే చెరువూ గుడీ అనుకునేదాన్ని నేను. జూస్ దుకాణం ముందు రెండు గజాల కాలిబాట మీద కూడా ఊరు కడతారని నాకు అంతకుముందు తెలీదు.

తాయిఫ్ ఘాట్

నిత్యకి పరీక్షలయి సెలవులిచ్చారు. జిజాన్ చూసి వస్తేగానీ ఏదీ తేలదని మురళి కారు తీశాడు. కొండదారిన వెళ్ళి, సముద్రం పక్కగా తిరిగి రావాలని ఏర్పాటు. జిద్దా దాటాక ఒకచోట రోడ్డు చీలుతుంది. మక్కా వైపు దారి ముస్లింలకి మాత్రమే, మిగతావాళ్ళు చుట్టు తిరిగి పోవాలని పెద్ద బోర్డు. మనం కొన్ని గుళ్ళలో గర్భగుడి దాకా పోనివ్వం, వీళ్ళు ఊరి పొలిమేర దగ్గరే ఆపుతారు. చుట్టుదారినే వెళ్ళాం.

తాయిఫ్ కొండెక్కే ఘాట్ రోడ్డు మెలికల్లో పులిహోర తిందామని ఒక మలుపు దగ్గర ఆగాం. నేను డబ్బా మూత తీశానో లేదో, గోడ మీద కూర్చున్న జడలకోతి దిగి వచ్చింది. మన కోతుల్లా దొంగచూపులు లేవు దానికి. బాకీ వసూలుకి వచ్చినవాడిలా నడిచొచ్చి డబ్బా తీసుకుని వెళ్ళిపోయింది. గోడెక్కి, వేరుశనగ గుళ్ళు ఏరుకుని తిని, మిర్చి కొరికి, డబ్బాని లోయలోకి విసిరింది. "అమ్మమ్మా, దానికి కారం ఎక్కువైంది" అంది నిత్య. మిగతావాళ్ళం మధ్యాహ్నం దాకా బిస్కెట్లతో సరిపెట్టుకున్నాం.

పైన చల్లగా ఉంది. గులాబీల కాలం. రాగి బానల్లో రేకులు మరిగించి పన్నీరు తీస్తున్నారు. బాన దగ్గర ఉన్న పాకిస్తాన్ పెద్దాయన నా హిందీ విని చాలాసేపు ఓపిక పట్టాడు. చివరికి మురళి వైపు తిరిగి, "బేటా, ఫ్యామిలీ ఇక్కడే ఉందా ఇంకా?" అని అడిగాడు. తనవాళ్ళని నిరుటి ఏడు వాళ్ళ ఊరు స్వాత్ పంపేశాడట. అక్కడా గులాబీలుంటాయి గానీ ఈ వాసన లేదని భార్య ఫోనులో అంటుందట. మురళి పన్నీరు సీసా కొన్నాడు. కారెక్కాక వాణి కిటికీ వైపు తిరిగి కూర్చుంది. నేను ఇదే సందని తెనాలి బడుల గురించి మొదలుపెట్టాను. మురళి కారు వేగం పెంచాడు.

జిజాన్

కొండలు దిగి జిజాన్ చేరేసరికి బాపట్ల వచ్చినట్టనిపించింది. అదే ఉక్క, అదే ఉప్పుగాలి. మామిడికాయలు కూడా ఉన్నాయి, బుట్టలకి బుట్టలు. బంగినపల్లి కాదు గానీ మామిడి మామిడే.

అన్నిటికంటే నన్ను నిలబెట్టేసింది ఆ ఊరి బజారు. అక్కడ మగవాళ్ళు తలకి పూలు పెట్టుకుంటారు! నడివయసు మనిషి, నడుముకి బాకు, బుగ్గల నిండా గడ్డం, తల చుట్టూ బంతిపూలూ ఆకులూ కట్టిన దండ. సిగ్గూ ఎగ్గూ లేదు, అది వాళ్ళ మర్యాద. పూలకొట్టు ముందుకెళితే మల్లెలు, దండలు దండలుగా. వాటి పక్కన తడి గుడ్డలో చుట్టి మొగలిపొత్తులు! ఎన్నేళ్ళయిందో మొగలిపువ్వు చూసి. నేను వాసన చూస్తుంటే కొట్టాయన ఒక రేకు విరిచి నా చేతిలో పెట్టి, డబ్బు వద్దని చెయ్యి ఊపాడు. మల్లెదండ మాత్రం ఐదు రియాళ్ళు పెట్టి కొని వాణి జడలో పెట్టాను. పైన నల్లగుడ్డ కప్పుకుంది, ఎవరికీ కనపడదు. వాసనని ఏ గుడ్డా ఆపలేదు.

అక్కడ మురళి చేరబోయే కంపెనీలో శ్రీనివాసులు అని అనంతపురం ఇంజినీరు ఉన్నాడు. మమ్మల్ని కొత్త ఇంటికి తీసుకెళ్ళాడు. ఇల్లు మంచిదే. చుట్టూ ప్రహరీ, లోపల ఇంకా చెట్లు మొలవని తోట. ఊరికి దూరం. తెలుగువాళ్ళున్నారా అంటే, మగవాళ్ళున్నారన్నాడు. బడి బస్సు ఎంతసేపు అంటే, పిల్ల అలవాటు పడుతుందన్నాడు. వాణి ఒక్కో గది చూస్తూ లైట్లు వేసి ఆర్పుతోంది.

మధ్యాహ్నం చేపల హోటలుకి తీసుకెళ్ళాడు. ఆ దేశంలో హోటళ్ళకి రెండు తలుపులుంటాయి. ఒకటి కుటుంబాలకి, ఒకటి ఒంటరి మగవాళ్ళకి. మేము కుటుంబాల తలుపు వైపు నడిచాం. శ్రీనివాసులు అలవాటుగా రెండో తలుపు వైపు పోయి, గుర్తొచ్చి, మళ్ళీ మా వెనక వచ్చాడు. లోపల కూర్చున్నాక చుట్టూ చూశాడు.

"ఈ తలుపులోంచి వచ్చి శానా దినాలైందమ్మా" అన్నాడు. "మా ఆడోళ్ళూ పిల్లోళ్ళూ పోయినాక నన్ను ఆ పక్కకే పొమ్మంటారు. ఇల్లూ అంతే. కుటుంబాలుండే బిల్డింగులో ఒంటరి మగోనికి ఇల్లియ్యరు. పార్కు కాడికి పోయినా, ఫ్యామిలీలకి మాత్రమే అంటారు. నేనూ నిన్నటిదాకా ఫ్యామిలీనే కదప్పా!"

చేపను నిలువునా చీల్చి మట్టిపొయ్యిలో కాల్చి తెచ్చారు. కాలే రాతిగిన్నెలో రొట్టె నలిపి, నెయ్యీ తేనే పోసి తెచ్చారు. రుచి చెప్పనలవి కాదు. నేనడిగాను, భార్యని పంపినందుకు బాధపడుతున్నావా బాబూ అని. వాణి నా కాలు తొక్కింది. అతను మాత్రం నింపాదిగా చేప ముల్లు తీసి పక్కన పెట్టి, "పంపకుంటే అప్పులపాలైతుంటిమి. పంపితే ఇట్లయితిమి. రెండిట్లో ఏది మేలో నాకు ఇంగా తెలీలేదమ్మా" అన్నాడు. లేచేటప్పుడు నిత్య చెయ్యి పట్టుకుని ఆ తలుపులోంచే నెమ్మదిగా బయటికి నడిచాడు.

సముద్రం పక్క దారి

తిరుగుదారిలో ఎడమచేతి వైపు ఎర్రసముద్రం. పేరులోనే ఎరుపు, నీళ్ళు మన నీళ్ళలాగే ఉన్నాయి. టీ కోసం పెట్రోలు బంకు దగ్గర ఆగాం. మురళి నిత్యని తీసుకుని కొట్లోకి వెళ్ళాడు. వాణి కాగితపు కప్పు రెండు చేతులతో పట్టుకుని, సముద్రం వైపు చూస్తూ అంది.

"వచ్చేస్తాం అమ్మా. నేనూ నిత్యా. ఆయనతో రాత్రే మాట్లాడాను."

నాకు గుండె మీద బరువు దిగినట్టయింది. దాచుకోవడం ఎందుకు, సంతోషించాను. మురళి పాపం ఒంటరిగా రెండో తలుపులోంచి వెళ్ళాలన్న సంగతి కూడా ఆ నిమిషం గుర్తు రాలేదు. మా పై వాటాకి రంగులు వేయించాలి, జూన్‌లో నిత్యని ఏ బళ్ళో వేయాలి, అన్నీ గబగబా చెప్పేస్తున్నాను.

"జిజాన్‌లో ఆయన పొద్దున పోతే చీకటి పడ్డాకే రావడం. నేనూ అదీ ఆ ఇంట్లో గోడలు చూస్తూ కూర్చోవాలి" అంది. తర్వాత, "జిద్దాలోనే అయితే ఎంత కష్టమైనా కదిలేదాన్ని కాదు" అంది.

నేను మొదటి మాట విన్నాను. రెండోది గాలికి పోయిందనుకున్నాను. మురళి వచ్చి టీ ఇంకొకటి కావాలా అత్తయ్యగారూ అని అడిగాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నిద్ర లేకపోవడం వల్లనని నాకు నేను చెప్పుకున్నాను.

అనసూయ ఇల్లు

ఆ తర్వాత రోజులన్నీ సామాన్లతో సరిపోయాయి. వాణికీ నిత్యకీ ఖురూజ్ పడింది. అంటే ఇక తిరిగి వచ్చే వీలు లేకుండా దేశం వదిలే ముద్ర. సోఫా ఒకరు, మంచం ఒకరు పట్టుకెళ్ళారు. ప్రయాణానికి ముందు రోజు అనసూయ కిందికొచ్చి, "అమ్మా, రేపు పొద్దుగాల వాణిని జెర తొందరగ పైకి పంపుండ్రి. మీరూ రాండ్రి. తానం చేసి కొత్త చీర కట్టుకోమనుండ్రి" అని చెప్పింది. భోజనానికనుకున్నాను.

పైకి వెళితే హాల్లో కర్టెన్లు వేసి ఉన్నాయి. ఎక్కువమంది లేరు. మేడలో మిగిలిన ఆడవాళ్ళు, పక్క వీధి నుంచి ఒకరిద్దరు. మధ్యలో పీట, ముగ్గు. పళ్ళెంలో పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడకలు, వక్కలు, ఖర్జూరాలు, రవికెల గుడ్డ. వాణిని పీట మీద కూర్చోబెట్టి కొంగు పరిచారు. అనసూయ దోసిలి నిండా బియ్యం తీసింది.

నాకు తెలుసు అది. మా వైపు ఆడపిల్లకి చలిమిడీ సారే ఇచ్చి పంపుతాం, తెలంగాణాలో ఒడిబియ్యం పోస్తారు. ఎలా అయినా అది అత్తవారింటికి వెళ్ళే పిల్లకి పుట్టింటివాళ్ళు చేసేది. నా నోరు ఊరుకోదు కదా. "ఆగమ్మా అనసూయా, మీరు తిరగేసి చేస్తున్నారు" అన్నాను. "అది అత్తింటికి వెళ్ళేటప్పుడు. ఇది పుట్టింటికి వస్తోంది. నేను తీసుకెళ్తున్నాను కదా."

వాణి తల దించుకుంది. అనసూయ దోసిట్లో బియ్యం అలాగే ఉంది.

"నిజమే అమ్మా, ఉల్టానే" అంది. ఆవిడ గొంతులో కోపం లేదు. "లెవీ ఒచ్చినంక ఫస్టు ఫస్టు ఒక పిల్ల పోయింది మా మేడకెంచి. పోతా అంటె ఉత్త చేతులతోని పంపబుద్ధి కాలే. ఏం పెట్టాలె? ఇంట్ల బియ్యమున్నయి, పసుపుంది, ఈ దేశంల ఖర్జూరపండ్లకు కొదువ లేదు. ఒడి నింపిన. గప్పటిసంది ఎవలు పోయినా గిదే చేస్తున్నం." వాణి వైపు చూసింది. "వాణి నా కాడికి ఒచ్చిన్నాడు అన్నం వార్చుడు రాదు. కడుపుతోని ఉన్నప్పుడు గీ సోఫల పండుకొని ఏడ్చింది. మీకేమో వీసా రాకపాయె. నొప్పులొచ్చిన్నాడు నేనే డ్యూటీల ఉంటి. పిల్ల మొకం ముందుగాల సూసింది నేను. మరి గీ ఇల్లు దానికి ఏమైతదో మీరే చెప్పుండ్రి."

నేను వెళ్ళి గోడకి ఆనుకుని నిలబడ్డాను.

అనసూయ పోసింది. తర్వాత ఒక్కొక్కరూ పోశారు. కొంగు బరువెక్కుతోంది. వాణి ఏడుస్తోంది, నేను పెళ్ళి చేసి పంపినప్పుడు ఏడ్చినట్టే ఏడుస్తోంది. చివర్లో నన్నూ పిలిచారు. నా దోసిలి కూడా అందరి దోసిళ్ళలో ఒకటయింది.

అయిపోయిందనుకుంటే ఇంకొకటి ఉందట. ఒడిలోంచి ఐదు పిడికిళ్ళ బియ్యం పుట్టింట్లో వదిలి వెళ్ళాలి, ఆ ఇల్లు చల్లగా ఉండాలని. పక్కావిడ నాకు చెప్పింది. పుట్టిల్లు అన్న మాట వినగానే నాకు తెలియకుండానే ముందుకొచ్చి నా చీర చెరగు చాపి నిలబడ్డాను. వాణి పీట మీంచి లేచింది. నన్ను చూసింది. నా చెరగునీ చూసింది. ఒక్క క్షణం ఆగి, నా పక్కనుంచి నడిచి అనసూయ వంటింట్లోకి వెళ్ళింది. బియ్యం డబ్బా మూత తీసిన చప్పుడు వినిపించింది. ఒక్కో పిడికిలీ పోస్తున్న చప్పుడు కూడా.

బాధ కలిగింది. అబద్ధం ఎందుకు, చాలా బాధ కలిగింది. కన్నదాన్ని నేను కదా! కానీ ఆ పిల్లని తప్పు పట్టడానికి నాకు దారి దొరకలేదు. సాయంత్రం దాకా వెతికాను.

విమానాశ్రయంలో మురళి మా వెంట లోపలి గేటు దాకా వచ్చాడు. రాజేశం, అనసూయ అద్దాల వెనక నిలబడ్డారు. ఆవిడ డ్యూటీ చీటీ మార్పించుకుని వచ్చిందట. నేను వెనక్కి నడిచి వెళ్ళి ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. "సర్వపిండి చాలా బావుంది" అన్నాను. "గిన్ని దినాలకు చెప్పిన్రు" అని నవ్వింది.

తెనాలి

ఇంటికొచ్చాక ఒడిబియ్యం వండి అయినవాళ్ళకి పెట్టాలని వాణి అంది. మా ఆయన, "కొల్లేటికి కొంగల్ని తెచ్చినట్టు తెనాలికి బియ్యమా" అని నవ్వారు. వాణి నవ్వలేదు. ఆయన కూడా ఆపేశారు.

మర్నాడు పొద్దున వాణి తలస్నానం చేసి వంటింట్లోకి వెళ్ళింది. నేను వాకిట్లో ముగ్గు వేస్తున్నాను. లోపల్నుంచి పిలుపు వచ్చింది.

"అమ్మా, ఉప్పు ఎక్కడ పెడతావు?"

ఆ వంటింట్లోనే పాకి, ఆ గట్టు పట్టుకునే లేచి నిలబడిన పిల్ల. చేతులు కడుక్కుని వెళ్ళాను. ఉప్పు, చింతపండు, పోపులపెట్టె, బియ్యం కడిగిన నీళ్ళు ఎక్కడ పోయాలి, అన్నీ ఒక్కొక్కటే చూపించాను. బుద్ధిగా తల ఊపుతూ విన్నది. అటక మీది గంగాళం తీయనా అని కూడా నన్నడిగే తీసింది.

పొయ్యి మీద అన్నం ఉడుకుతుండగా ఫోను మోగింది. నేను కూరగాయల కోసం పెరట్లోకి వెళ్ళి, కత్తిపీట మరిచిపోయి వెనక్కి వచ్చాను. వాణి నాకు వీపు పెట్టి, కిటికీ దగ్గర నిలబడి మాట్లాడుతోంది. ఆ భాష మా ఇంట్లో ఎవరిదీ కాదు.

"చేరినం అక్కా, మంచిగనే చేరినం. నిత్య పండుకుంది. ఆఁ, తింటున్న. ఏం రంది పెట్టుకోకు. ఈడ అందరు నన్ను మంచిగనే సూసుకుంటున్రు."

నేను కత్తిపీట తీసుకోలేదు. చప్పుడు చేయకుండా పెరట్లోకి వెళ్ళిపోయాను.